బెజవాడ లెక్కలు, వాల్తేరు లెక్కలు

డెబ్బై రెండు డిసెంబరులో నా ఆడపడుచు సంపూర్ణమ్మ మా గుణదల ఇంటికి వచ్చినప్పుడు రిక్షా దాకా ఎదురెళ్ళి పెట్టె అందుకున్నది నేనే. ప్రత్యేకాంధ్ర గొడవలతో వాల్తేరులో ఆమె పాఠాలు చెప్పే కాలేజీ మూసేశారు. ఇక్కడా కాలేజీలు లేవు, ఆఫీసులు లేవు. రైలు ఎప్పుడు నడుస్తుందో ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలియదు. "క్రిస్మస్ చేసుకుని వెళ్ళిపోతాను వదినా" అంది. క్రిస్మస్ వెళ్ళింది, కొత్త సంవత్సరం వెళ్ళింది. సంపూర్ణ మాత్రం ఏకై వచ్చి మేకై కూర్చుంది.

మా ఆయన మరియదాసు కాలువల ఆఫీసులో గుమాస్తా. సమ్మెలో ఉన్నారు కనక పొద్దున్నే ఇంత తిని సమ్మె శిబిరానికి వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చేవారు. మా ఒక్కగానొక్క కూతురు మార్త ఇంటర్ రెండో సంవత్సరం. పరీక్షలు ఎప్పుడు పెడతారో తెలియక పుస్తకాలు మూసేసి తిరుగుతోంది. ఇంటిల్లిపాదికీ సెలవే, నా పొయ్యికి తప్ప.

సంపూర్ణకీ నాకూ ఏడాది కూడా తేడా లేదు. ఇద్దరం ఒకే స్కూల్లో చదివాం. స్కూలు ఫైనలు పాసయ్యాక ఆమె కాలేజీకి వెళ్ళింది, నేను ఆమె అన్నయ్య ఇంటికి వచ్చాను. ఆమె స్టాటిస్టిక్స్ అనే చదువులో ఎం.ఎస్సీ. చేసి లెక్చరరయింది. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే "తీరిక చిక్కలేదండీ" అని నవ్వేసేది. ఆ నవ్వంటే నాకు ఇష్టంగానే ఉండేది, ఆ శీతాకాలం వరకూ.

మధ్యాహ్నం అన్నాలయ్యాక నేనూ మార్తా వసారాలో అష్టాచెమ్మా ఆడుకోవడం ఎప్పటినుంచో అలవాటు. ఆ గవ్వలు మా అమ్మవి. ఒకరోజు గిన్నెలు కడుక్కుని వచ్చేసరికి అవి సంపూర్ణ చేతిలో ఉన్నాయి. ఆమె వేస్తోంది, మార్త నేలమీద సుద్దముక్కతో గీతలు గీస్తోంది. ఆట మాత్రం కాదు.

"అమ్మా, ఇలా రా!" అంది మార్త. దాని కళ్ళు వెలిగిపోతున్నాయి. "గవ్వ బోర్లా పడేదీ వెల్లకిలా పడేదీ సమానం కాదు, తెలుసా?"

"తెలియకపోవడమేమిటే? నువ్వు పుట్టకముందునుంచీ వేస్తున్నాను."

"తెలియడం వేరమ్మా, ఎంత తేడా అని చెప్పగలగడం వేరు."

మాట దానిది కాదు. మాటా, ఆ మాట దగ్గర తల పక్కకి వాల్చడమూ సంపూర్ణవి. నేను లోపలికొచ్చి మినప్పప్పు నానబోశాను. మర్నాడు ఇడ్లీ వేసే ఉద్దేశమేమీ లేదు. చేతులకి ఏదో ఒక పని కావాలి.

అక్కణ్ణించి ప్రతిదానికీ "అత్త చెప్పింది". కాఫీలో పంచదార తక్కువ వేసుకోమని అత్త చెప్పింది. పేపర్లో వాతావరణం చదవమని అత్త చెప్పింది. ఒక ఆదివారం గుళ్ళో పూజకి వెళ్ళేముందు నేను దువ్వెన పట్టుకుని పిలిస్తే, "అత్త వేస్తుందిలే జడ. నువ్వు లాగి వేస్తావమ్మా" అంది. పదిహేడేళ్ళుగా లాగి వేస్తున్నాను, ఆ రోజు నొప్పి పుట్టింది దానికి. గుళ్ళో మోకరిల్లి, వాళ్ళిద్దరి వీపులూ చూస్తూ, రెండు జడలూ ఒకే మడతలో ఉన్నాయని కనిపెట్టాను. ఫాదర్‌గారు ఆ రోజు దేని గురించి ప్రసంగం చేశారో నాకిప్పటికీ తెలియదు.

ఇంతవరకూ అయితే ఓర్చుకునేదాన్నేమో. అసలు సంగతి జనవరిలో భోజనాల దగ్గర బయటపడింది.

"ఇంటరయ్యాక దీన్ని ఏ గ్రూపులో వేద్దామనుకుంటున్నావన్నయ్యా?" అని అడిగింది సంపూర్ణ.

"ఏముంది, ఇప్పుడు చదివేదే. లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ. ఇక్కడే ఆడపిల్లల కాలేజీలో" అన్నారు మా ఆయన.

"డిగ్రీని చూసి గ్రూపు తీసుకోకూడదు. ఆ తర్వాత ఎం.ఎస్సీ. ఏం చేస్తుందో చూసి తీసుకోవాలి. దీనికి స్టాటిస్టిక్స్‌లో మంచి బుర్ర ఉంది. కెమిస్ట్రీ బదులు స్టాటిస్టిక్స్ ఉన్న గ్రూపులో వేస్తే ఎం.ఎస్సీ.కి తిన్నగా పోతుంది."

"రెండూ లెక్కలేగా?" అన్నాను నేను, చారు పోస్తూ. "బెజవాడ లెక్కలు చదివితే వంటబట్టవా?"

మా ఆయన నవ్వారు. సంపూర్ణ నవ్వలేదు. "అక్కచెల్లెళ్ళలాంటివే వదినా. కానీ ఒకటి కాదు."

"ఆ గ్రూపు ఇక్కడ ఆడపిల్లల కాలేజీలో ఉందా?"

"ఇక్కడ లేదు. మా కాలేజీలో ఉంది. నా దగ్గరే ఉంటుంది. మీకేం బెంగ అక్కర్లేదు."

నా దగ్గరే ఉంటుంది! తన పెట్టె తను సర్దుకున్నంత తేలిగ్గా అంది. మా ఆయన మొహం చూశాను. "మా చెల్లెలు చెప్పిందంటే ఆలోచించే చెబుతుంది" అన్న తృప్తి తప్ప ఇంకేం లేదందులో. మార్త తల ఎత్తలేదు గానీ పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకుంటోంది. చారుగిన్నె మీద మూత చప్పుడయ్యేలా పెట్టాను.

మర్నాడే మా తమ్ముడికి కబురు పెట్టాను. జాన్‌బాబు పామర్రు హైస్కూల్లో లెక్కల మాస్టరు. వాళ్ళు మేనత్తని తెచ్చుకుంటే నా వైపు మేనమామ లేడా? బస్సులు లేవు. రెండు రోజులు పోయాక పాపం కాలవగట్టు వెంట సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. వాడికిష్టమని కొరమీను పులుసు పెట్టి, వాడు తింటుండగానే నా గోడంతా వెళ్ళబోసుకున్నాను.

"నువ్వు గట్టిగా చెప్పాలిరా. మామూలు గ్రూపైతే మేలని చెప్పు."

"మేలే అక్కా. అటు లెక్కలు, ఇటు ఫిజిక్సు, కెమిస్ట్రీ, ఎం.ఎస్సీ.కి మూడు దారులుంటాయి. అదే చెబుతాను."

మూతి తుడుచుకుని వసారాలోకి వెళ్ళాడు. నేను గుమ్మం పక్కన చెవి ఒగ్గి నిలబడ్డాను. మొదట బాగానే చెప్పాడు. సంపూర్ణ అంతా విని, "నిజమే జాన్‌బాబుగారూ. మూడు దారులున్నా నడిచేది ఒక దారినే కదండీ" అంటూ ఏదో పుస్తకం చేతికిచ్చింది. వాడు తిప్పాడు. ఒకచోట ఆగాడు. "ఇదెలా వచ్చిందండీ?" అన్నాడు. అంతే. పొద్దు వాలేదాకా మార్తతో కలిసి ముగ్గురూ ఆ పుస్తకం చుట్టూ తలకాయలు పెట్టుకుని కూర్చున్నారు. మధ్యలో నేను కాఫీ తీసుకెళితే మా తమ్ముడు గ్లాసు అందుకుని నా మొహం కూడా చూడలేదు. తోబుట్టువని నమ్మి పిలిపించుకుంటే వాణ్ణి కూడా లాగేసుకుంది!

చీకటి పడకముందే వాడు బయలుదేరాడు. గేటు దాకా వెళ్ళి సైకిలు పట్టుకుని ఆపేశాను.

"ఇందుకేనట్రా నిన్ను పిలిపించింది?"

"ఆవిడ బాగా చెబుతుందక్కా" అన్నాడు సిగ్గుపడుతూ. తర్వాత పెడలు మీద కాలేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "ఒకటి మాత్రం నాకు అర్థం కాలేదు. మా స్కూల్లో రామకోటేశ్వరరావు అని నాతోపాటు లెక్కలు చెబుతాడు. వాళ్ళ తమ్ముడు మామూలు గ్రూపే చదివి ఆ వాల్తేరు యూనివర్సిటీలోనే స్టాటిస్టిక్స్ ఎం.ఎస్సీ. చేస్తున్నాడు. లెక్కల్లో మంచి మార్కులుంటే తీసుకుంటారట. మరి ఇప్పణ్ణించే వాల్తేరు ఎందుకో!"

"ఆవిణ్ణి అడగలేదా?"

"ఎదురుగా అడిగితే బాగుండదని ఊరుకున్నాను."

వాడి సైకిలు మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడ్డాను. నా చేతికి కత్తి దొరికింది. లోపలికొచ్చి ఆ పూట సంపూర్ణకి కొసరి కొసరి వడ్డించాను.

వెంటనే అనలేదు. సమయం కోసం చూశాను. ఫిబ్రవరిలో మేరీమాత తిరనాళ్ళు వచ్చాయి. బళ్ళ మీదా సైకిళ్ళ మీదా నడిచీ ఎక్కడెక్కడివాళ్ళో వస్తున్నారు. పొద్దున్నే ముగ్గురం కొండెక్కాం. మాత గుహ దగ్గర కొవ్వొత్తులు వెలిగించి, పైన సిలువ దాకా వెళ్ళాలని మార్త తన స్నేహితురాలితో ముందుకు పరుగెత్తింది. సంపూర్ణకి ఆయాసం. నేనూ ఆమే మెట్ల పక్కన ఒక బండ మీద కూర్చున్నాం. కింద గుండు చేయించుకున్న పిల్లలు ఏడుస్తున్నారు. బూరలమ్మేవాడు ఆ ఏడుపుల్లోకి బూర ఊదుతున్నాడు.

"సంపూర్ణా, ఇక్కడ మామూలు గ్రూపు చదివినా మీ ఎం.ఎస్సీ.లో సీటిస్తారటగా?"

ఆమె కొంగుతో మెడ తుడుచుకుంటున్నది, చెయ్యి ఆగింది.

"ఎవరు చెప్పారు?"

"ఎవరో ఒకరు. నిజమా కాదా?"

కింద జనం వైపు చూసింది. అబద్ధమాడుతుందనుకున్నాను. ఆడాలనే కోరుకున్నాను కూడా. ఆడితే నలుగురిలో నిలబెట్టి అడగొచ్చు.

"నిజమే వదినా. ఇస్తారు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

"మొదటి రోజే చెప్పాల్సింది. చెబుదామనే అనుకున్నాను." గొంతు పెంచకుండా, క్లాసులో తప్పు దిద్దుకుంటున్నట్టే చెప్పింది. "అక్కడ నా ఇంట్లో రేడియో పొద్దున్నుంచీ మోగుతూనే ఉంటుంది. వినడానికి కాదు. ఇంట్లో ఒక మనిషి గొంతుండాలని. ఇక్కడికొచ్చాక మార్త అస్తమానం అత్తా అత్తా అంటుంటే నాకు చెప్పబుద్ధి కాలేదు."

ఎన్నాళ్ళనుంచో కోరుకున్న గెలుపది. తియ్యగా ఉంటుందనుకున్నాను. ఉంది కూడా, అబద్ధమెందుకు? ఆమె ఎవరూ లేని మనిషని జాలి కలిగింది. కానీ ఎవరూ లేకపోతే నా పిల్లేనా దొరికింది అని కూడా అనిపించింది. జాలి కంటే అదే పెద్దగా ఉంది.

"నువ్వే చెప్పు దానికి. ఈ రోజే చెప్పు" అన్నాను.

"చెబుతాను."

చెప్పింది. ఆ సాయంత్రం అందరం అన్నాలకి కూర్చోగానే చెప్పింది. ఏమీ దాచలేదు, తనకి అనుకూలంగా ఒక్క మాట కలపలేదు. "నేను మొన్న చెప్పింది పూర్తిగా సరికాదు మార్తా. ఇక్కడే అమ్మ దగ్గరుండి లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ చదువుకోవచ్చు. మంచి మార్కులు తెచ్చుకుంటే స్టాటిస్టిక్స్ ఎం.ఎస్సీ.లోకి అప్పుడు రావచ్చు. ఈలోపు మనసు మారినా మిగతా దారులు మూసుకుపోవు. మీ మామయ్య చెప్పిందే నయం."

మా ఆయన తెల్లబోయి చెల్లెలివైపు చూశారు. "అదేమిటే, మొన్న ఆ గ్రూపే కావాలన్నావుగా!"

"మొన్న నా గురించి కూడా కలిపి చెప్పానన్నయ్యా."

కూతురి కంచంలో ఇంకో గరిటెడు వంకాయకూర వేశాను. ఈ మూడేళ్ళూ నావే. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

మార్త అన్నం కలుపుతూ అడిగింది: "అప్పుడొస్తే, మిగతావాళ్ళంతా మూడేళ్ళు చదివినదాన్ని నేను కొత్తగా మొదలెట్టాలి కదత్తా?"

"మొదటి సంవత్సరం కొంచెం కష్టపడాలి. సర్దుకుంటుంది."

"మరి నాకు కెమిస్ట్రీ లాబులో ఆ వాసనే పడదు. మూడేళ్ళు అదెందుకు పీల్చాలి?" అని నావైపు తిరిగింది. "రెండూ ఒక చోటికే పోతాయని తెలిశాక, ఇష్టమైన దారినే పోవచ్చుగా అమ్మా? నేను ఇప్పుడే వెళతాను. కొంచెం పెరుగెయ్యవా?"

పెరుగు వేశాను. అత్త కోసమని అనలేదు, అమ్మని వదిలి అనీ అనలేదు. మా ఇద్దరి కొట్లాటా దాని లెక్కలోకే రాలేదు. అందుకే నాకు మరీ మండింది. సంపూర్ణ కంచంలోంచి తల ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆ మొహంలో సంతోషం చూడాల్సి వచ్చేది. ఎత్తకుండా ఉన్నందుకు మాత్రం ఆమెకి ఋణపడి ఉన్నాను.

సమ్మె ఆగింది. కాలేజీలు తెరిచారు. సంపూర్ణ వెళ్ళిపోయింది. ఆలస్యంగా పెట్టిన పరీక్షలు ఎండల్లో రాసి మార్త మంచి మార్కులతో పాసయింది. వానలు మొదలయ్యాక సంపూర్ణ దాన్ని తీసుకెళ్ళడానికి వచ్చింది. ఈ మధ్యలో నేను ఆమెకి రెండు ముక్కలు కూడా రాయలేదు.

స్టేషన్లో బండి ఆలస్యం. మా ఆయనా మార్తా పుస్తకాల కొట్టు దగ్గరికి వెళ్ళారు. సంపూర్ణా నేనూ సామాను దగ్గర మిగిలాం. ఊరగాయ జాడీ మూతికి కట్టిన గుడ్డని విప్పి మళ్ళీ కడుతున్నాను.

"వదినా" అంది. "దానికి ఏమేం ఇష్టమో, ఏవి పడవో చెప్పండి. నాకు పిల్లల్ని పెంచడం తెలియదు."

చెప్పాను. ఉల్లిపాయ ముక్కలు కూరలోంచి ఏరేస్తుందనీ, పచ్చిమెత్తళ్ళ చేపల ఇగురైతే గిన్నె ఊడ్చేస్తుందనీ, కుంకుడురసం కళ్ళలో పడితే ఇల్లు ఎగరగొడుతుందనీ, ఉరుములొస్తే పక్కన ఎవరో ఒకరుండాలనీ. ఆమె బుద్ధిగా తల ఊపుతూ వింది. ఒక్కటి మాత్రం చెప్పలేదు. దానికి జ్వరమొచ్చినప్పుడు మందు కంటే ముందు అరికాళ్ళు రాయాలి, నిద్ర పట్టేదాకా రాయాలి. అది నా దగ్గరే ఉంచుకున్నాను.

బండి కదిలాక మార్త కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఆ చెయ్యి పక్కనే ఇంకో చెయ్యి. ఏది ఎవరిదో తెలియనంత దూరం పోయేదాకా చూసి ఇంటికొచ్చాం.

ఆ డిసెంబరులో ఇద్దరూ క్రిస్మస్‌కి వచ్చారు. పిల్ల చిక్కింది, ఒక చూపులో లెక్కగట్టాను. సంపూర్ణ మాత్రం కాస్త ఒళ్ళు చేసింది. వంటింట్లో అరిసెలకి పాకం పట్టాను. సంపూర్ణ పీట వేసుకుని పిండి ఉండలు చేస్తోంది. మా మధ్య మాటలు ఇంకా అవసరం మేరకే. ముందుగదిలో మార్త వాళ్ళ నాన్నకి కాలేజీ కబుర్లు చెబుతోంది.

"మాకు లెక్కలకి కొత్త మేడమ్ వచ్చింది నాన్నా, పద్మావతమ్మగారని. ఆవిడ చెబుతుంటే ఎలా ఉంటుందనుకున్నావ్! బోర్డు మీద ఒక్క అంకె కూడా ఉండదు, అంతా అక్షరాలే. స్టాటిస్టిక్స్ ఉన్నా ఎం.ఎస్సీ. లెక్కల్లో చేరొచ్చట. నేను అందులోనే చేరతాను. పద్మావతమ్మ మేడమ్ కూడా అదే మంచిదంది."

సంపూర్ణ చేతిలో ఉండ చిట్లింది. మళ్ళీ చేసింది. మళ్ళీ చిట్లింది.

ఏడాదిగా ఆ మొహం అలా వాడిపోతే చూడాలని ఎంత కోరుకున్నానో నాకు తెలుసు. చూశాను. నా మొహాన్ని అద్దంలో చూసినట్టుంది. ఏమీ సంతోషమనిపించలేదు.

"దానికి లెక్కలే బాగా వచ్చు వదినా" అంది. "మంచి నిర్ణయమే."

"నీకు తెలుసా ఈ సంగతి?"

"ఇప్పుడే విన్నాను. మేడమ్ సంగతి మాత్రం దసరా నుంచీ వింటున్నాను. జడ కూడా ఆవిడలాగే వేసుకుంటోంది, చూడలేదా?"

చూడలేదు. తల వంచి ముందుగదిలోకి చూశాను. జడ కాదు, ముడి! పదిహేడు దాటి పద్దెనిమిది కూడా నిండలేదు, పెద్దముత్తైదువలా ముడి!

ముందుగదిలోంచి మళ్ళీ వినబడింది, "పద్మావతమ్మ మేడమ్ ఏమంటుందంటే నాన్నా..."

"పొద్దున్నుంచి ఆ పేరు ఎన్నిసార్లయింది వదినా?" అంది సంపూర్ణ, పిండి వైపే చూస్తూ.

"నేను లెక్కపెట్టడం లేదమ్మా. అది నీ సబ్జెక్టు."

ఆమె ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత నవ్వింది. మోచేత్తో నోరు మూసుకుని, పీట కదిలేలా, కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. నాకూ ఆగలేదు. ఆ నీళ్ళు పొగ వల్ల కొంత, నవ్వు వల్ల కొంత, మిగతాది దేనివల్లో ఇద్దరమూ అడగలేదు.

"ఏమిటి, లోపల అంత నవ్వు?" అని కేకేసింది మార్త. "నాకూ చెప్పండి!"

"నీకు చెప్పేది కాదు" అన్నాను నేను.

సంపూర్ణ ఉండ నొక్కి ఆకు మీద పెట్టి అందించింది. నూనెలోకి వదిలాను. అరిసె పైకి తేలింది.